పాత ప్రీయాంప్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ఇంట్లో మంచి స్టీరియో ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. వాల్యూమ్ తిప్పుతుంటే గరగరమంటుంది. ఎడమ స్పీకర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, సెలెక్టర్ నాబ్ కాస్త కదిపితే మళ్ళీ పలుకుతుంది. పాటకీ పాటకీ మధ్య సన్నగా గుయ్‌మంటూనే ఉంటుంది. దుకాణంలో అడిగితే "పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి" అంటారు. పాత సామాను ఇష్టపడేవాళ్ళని అడిగితే "అలాంటిది ఇప్పుడు రాదు, కండెన్సర్లన్నీ మార్పించెయ్యండి" అంటారు. పెట్టె మూత తియ్యకుండా ఇచ్చే ఈ రెండు సలహాలూ తొందరపాటువే. చూడాల్సినవి రెండు: లోపం ఏ భాగంలో ఉంది, ఆ పెట్టె చేసే పనుల్లో మీకు నిజంగా కావలసినవి ఏవి. వయసు, బ్రాండు, ధర ఆ తర్వాతే.

ప్రీయాంప్ పని ఏమిటంటే, టర్న్‌టేబుల్, సీడీ ప్లేయర్, టీవీ వీటిలో ఏది వినాలో ఎంచుకోనివ్వడం, వాల్యూమ్ సర్దడం, ఆ సిగ్నల్‌ని పవర్ ఆంప్‌కి అందించడం. స్పీకర్లను నడిపేది పవర్ ఆంప్. రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఇంటిగ్రేటెడ్ ఆంప్. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది అదే. అందులోనూ ప్రీయాంప్ భాగం విడిగానే ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పేదంతా దానికీ వర్తిస్తుంది.

జబ్బు ప్రీయాంప్‌దేనా?

మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళే ముందు ఇంట్లోనే తేల్చుకోగలిగిన సంగతి ఇది. ఒక వైపు పలకకపోయినా, గరగరలాడినా, ముందు అన్నిటికీ కరెంటు ఆపండి. ప్రీయాంప్ నుంచి వచ్చే రెండు వైర్లను పవర్ ఆంప్ వెనక అటుదిటు, ఇటుదటు మార్చి పెట్టండి. ఆన్ చేశాక లోపం రెండో స్పీకర్‌లోకి వెళ్ళిపోతే జబ్బు ప్రీయాంప్‌లోనో, ఆ వైరులోనో, అంతకు ముందున్న వాటిలోనో ఉన్నట్టు. పాత స్పీకర్‌లోనే ఉండిపోతే ప్రీయాంప్ జోలికి పోనక్కర్లేదు, పవర్ ఆంప్‌నీ స్పీకర్ వైర్లనీ చూసుకోవాలి. ఇదే పని ప్రీయాంప్ వెనక, సీడీ ప్లేయర్ వైర్లతో చేస్తే తప్పు ప్లేయర్‌దో ప్రీయాంప్‌దో కూడా తేలిపోతుంది.

ఇంటిగ్రేటెడ్ ఆంప్ అయితే వెనక "ప్రీ అవుట్", "మెయిన్ ఇన్" అని రాసి ఉందేమో చూడండి. 1978లో వచ్చిన నాడ్ 3020 దీనికి మంచి ఉదాహరణ. చానెల్‌కి 20 వాట్లే అయినా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆంప్ అది. దాని వెనక ప్రీయాంప్‌నీ పవర్ ఆంప్‌నీ కలుపుతూ యు ఆకారంలో చిన్న లోహపు కడ్డీలు ఉంటాయి. ఆఫ్ చేసి వాటిని లాగేస్తే రెండు భాగాలూ విడిపోతాయి. ఫోన్‌నో, వాల్యూమ్ సర్దగలిగే డాక్‌నో (డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె, డీఏసీ) నేరుగా మెయిన్ ఇన్‌కి తగిలించి, అందులో వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. అక్కడ ఆంప్ వాల్యూమ్ నాబ్ పని చేయదు, అందుకే ఈ జాగ్రత్త. పాట శుభ్రంగా వస్తే పవర్ భాగం బాగున్నట్టే. అప్పుడిక మొత్తం ఆంప్ పారేయాల్సిన పని లేదు, బయటి ప్రీయాంప్ ఒకటి పెట్టుకున్నా నడుస్తుంది. ఈ ఒక్క సౌకర్యం వల్ల ఎన్నో పాత ఆంప్‌లు ఇంకా బతికి ఉన్నాయి.

హమ్, అంటే పాటల మధ్య వినిపించే ఆ గుయ్‌మనే మోత, సంగతి వేరు. వాల్యూమ్ పెంచితే హమ్ కూడా పెరుగుతుంటే అది వాల్యూమ్ కంట్రోల్‌కి ముందు నుంచి వస్తోంది. వాల్యూమ్ ఎంత తగ్గించినా మారకపోతే ఆ తర్వాతి భాగం నుంచి. టర్న్‌టేబుల్ పెట్టినప్పుడే వస్తే ముందు దాని సన్నటి ఎర్త్ వైరు ప్రీయాంప్ వెనక స్క్రూకి సరిగ్గా బిగించి ఉందో లేదో చూడండి, చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది. మన ఇళ్ళలో ఇంకో మూడు అనుమానాలు కూడా తీర్చుకోవాలి. టీవీ కూడా స్టీరియోకి కలిపి ఉంటే, సెట్ టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ ఒకసారి ఊడదీసి వినండి. హమ్ ఆగిపోతే అది ఎర్త్ లూప్ (రెండు వేర్వేరు దారుల్లో ఎర్త్ కలిసినందువల్ల పుట్టే మోత), ప్రీయాంప్‌లో ఏ తప్పూ లేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడు జుయ్‌మంటే ఆ రెగ్యులేటర్‌దే పని. గోడ సాకెట్‌లో మూడో పిన్ను ఉన్నా లోపల ఎర్త్ వైరే లేని ఇళ్ళు చాలా ఉన్నాయి, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం మంచిది.

ఇవన్నీ దాటాక కూడా రెండు స్పీకర్లలోనూ సమానంగా, కాస్త కరుకుగా హమ్ వస్తుంటే అప్పుడు ప్రీయాంప్ పవర్ సప్లైని అనుమానించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. డయోడ్లు దాన్ని డీసీగా మార్చినప్పుడు మిగిలే అల 100 హెర్ట్జ్. దాన్ని అణిచే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోతే ఆ 100 హెర్ట్జ్ మోత పాటలోకి వచ్చేస్తుంది. వైర్ల వల్లా ఎర్త్ వల్లా వచ్చేది సాధారణంగా 50 హెర్ట్జ్, ఇంకాస్త లోతుగా వినిపిస్తుంది.

తక్కువ ఖర్చుతో నయమయ్యేవి

గరగర వాల్యూమ్ కంట్రోల్‌ది అయితే కొత్త ప్రీయాంప్ ఊసే వద్దు. దాని లోపల కార్బన్ పూసిన పట్టీ ఉంటుంది, దాని మీద సన్నటి లోహపు వేళ్ళు జారుతుంటాయి. మధ్యలో దుమ్ము చేరితే గరగర. కరెంటు ప్లగ్ తీసేసి, మూత విప్పి, కంట్రోల్ పక్కనుండే చిన్న సందులో కాంటాక్ట్ క్లీనర్ గొట్టం పెట్టి ఒక్క క్షణం కొడితే చాలు. నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై ముప్పై సార్లు తిప్పి, పూర్తిగా ఆరాక ఆన్ చేయాలి. మామూలు డబ్ల్యూడీ-40 కొట్టకండి. అది జిడ్డు పొర మిగులుస్తుంది, నాలుగు రోజుల్లో ఆ జిడ్డుకి ఇంకా ఎక్కువ దుమ్ము అంటుకుంటుంది.

శుభ్రం చేసినా గరగర పోకపోతే రెండు కారణాలుంటాయి. పట్టీ అరిగిపోయి ఉండవచ్చు, అప్పుడు నాబ్ ప్రతిసారీ అదే చోట చప్పుడు చేస్తుంది. లేదా దానికి ముందున్న కప్లింగ్ కండెన్సర్ (పాట సిగ్నల్‌ని పంపుతూ డీసీని ఆపేది) లీకై, కంట్రోల్ మీదకి డీసీ వోల్టేజ్ వస్తూ ఉండవచ్చు. ఈ రెండో సంగతి చాలామంది మెకానిక్‌లు చూడరు. కంట్రోల్ మార్చేస్తారు, కొత్తది కూడా నెల తిరక్కుండా గరగరమంటుంది. డీసీ వస్తోందేమో మీటర్ పెట్టి చూడమని మీరే అడగండి.

మార్చాల్సి వస్తే ఒక మెలిక ఉంది. పాత కంట్రోల్ వెనక కాళ్ళు లెక్కపెట్టండి. స్టీరియోకి మామూలుగా ఆరు ఉంటాయి. ఎనిమిది ఉంటే అందులో లౌడ్‌నెస్ ట్యాప్ ఉందన్నమాట, తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచే లౌడ్‌నెస్ స్విచ్ ఆ అదనపు కాళ్ళ మీదే నడుస్తుంది. అలాంటివి మన మార్కెట్లో దొరకడం కష్టం. ఆరు కాళ్ళది వేయిస్తే లౌడ్‌నెస్ వదులుకోవాలి, మిగతా అంతా మామూలే. దాని మీద ఏ50కె, ఏ100కె అని ఉంటుంది, కె అంటే కిలో ఓమ్‌లు. జపాన్ పద్ధతిలో ఏ అంటే చెవికి సమంగా పెరిగే లాగ్ రకం. పొరపాటున బీ రకం వేస్తే నాబ్ కొంచెం కదపగానే ఇల్లు మోగిపోతుంది, మిగతా తిప్పుడంతా వృథా.

సెలెక్టర్ స్విచ్‌లు, రిలేలు, వెనక సాకెట్లు కూడా ఇలా శుభ్రం చేస్తే బాగయ్యేవే. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు సముద్రపు గాలికి ఇవి తొందరగా నల్లబడతాయి. సాకెట్ల దగ్గర, పెట్టె లోపల వేడెక్కే వోల్టేజ్ రెగ్యులేటర్ల దగ్గర సోల్డర్ పగిలి ఉండడం మరో మామూలు జబ్బు, మళ్ళీ వేడి పెట్టి కాస్త కొత్త సోల్డర్ వేస్తే సరిపోతుంది. ఒక చానెల్‌లో చిటపటలు, బుస్సుమనే శబ్దం వస్తుంటే ట్రాన్సిస్టరో ఐసీనో పోయి ఉంటుంది. 4558, 5532 లాంటి ఐసీలు చవక. కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడగగానే ఇస్తారు. ఉన్న నంబరే మళ్ళీ వేయించండి. 4558 ఉన్న చోట ఇంకేదో ఖరీదైన, వేగమైన ఐసీ పెడితే బాగుంటుందని కొందరు చెబుతారు. ఆ బోర్డు దానికి తగ్గట్టు గీసినది కాదు కాబట్టి అది చెవికి వినపడని పౌనఃపున్యంలో ఊగిసలాడి వేడెక్కవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా మన దగ్గర ఆశ ఉంది. రీవైండింగ్ చేసేవాళ్ళు ఇంకా ఊరూరా ఉన్నారు, పాత చుట్లు లెక్కపెట్టి అదే మందం తీగతో చుట్టిస్తారు. సోనోడైన్, కాస్మిక్ లాంటి 1970, 80ల నాటి మన దేశపు సెట్లు ఇలా తేలిగ్గా లేచి నిలబడతాయి. వాటి లోపల అంతా కంటికి కనబడే పెద్ద పార్టులే.

కండెన్సర్లన్నీ మార్చాలా?

అక్కర్లేదు. ఎండిపోయేవి ఎలక్ట్రోలిటిక్ రకం మాత్రమే, ఫిల్మ్ కండెన్సర్లు దశాబ్దాలు నిలుస్తాయి. ఎలక్ట్రోలిటిక్ మీద "85 డిగ్రీలు" అని ఉంటుంది, మామూలు రకానికి ఆ వేడిలో కంపెనీ చెప్పే ఆయుష్షు తరచుగా 2,000 గంటలు. వేడి 10 డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. పెట్టె లోపల 45 డిగ్రీలు ఉంటే నాలుగుసార్లు రెట్టింపై 32,000 గంటలు. రోజుకి 3 గంటలు వింటే అది 29 ఏళ్ళు. ప్రీయాంప్‌లో వాటి మీద భారం తక్కువ కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే వస్తాయి. ఇదే లెక్కని ఎప్పుడూ స్టాండ్‌బైలో, రాత్రింబవళ్ళు కరెంటు మీద ఉండే పెట్టెకి వేసి చూడండి: మూడున్నరేళ్ళు దాటగానే ఆ గంటలు పూర్తవుతాయి. కొత్త తరం ప్రీయాంప్‌లలో స్టాండ్‌బై సప్లై ముందుగా పోవడానికి కారణం ఇదే. వినడం అయిపోగానే గోడ దగ్గర స్విచ్ ఆపేసే మన పాత అలవాటు వాటికి ఎంతో మంచిది.

కాబట్టి 30, 40 ఏళ్ళ పెట్టెలో పవర్ సప్లై ఎలక్ట్రోలిటిక్‌లు మార్పించడం న్యాయమే. ఉబ్బినవి, అడుగున తడి కనిపించేవి ఎక్కడున్నా మార్చాల్సిందే. అంతకు మించి ప్రతి ఒక్కటీ పీకి కొత్తది పెట్టడం పాత బోర్డులకి హాని. సోల్డర్ వేడికి రాగి గీతలు లేచిపోతాయి, అంతవరకు లేని జబ్బు పుడుతుంది. నిచికాన్, పానాసోనిక్, రూబీకాన్ పేర్లతో నకిలీలు విపరీతంగా అమ్ముతున్నారు. ఎలిమెంట్14, మౌజర్ లాంటి పంపిణీదారుల దగ్గర తెప్పించుకుంటే ఆ బెంగ ఉండదు. మన కేరళ ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్ కూడా కండెన్సర్లు తయారు చేస్తుంది.

రిపేర్ వద్దనుకోవాల్సిన చోట్లు

డిస్‌ప్లే వెలగదు, రిమోట్ పని చేయదు, బటన్ నొక్కితే ఇంకేదో అవుతుంది. ఇలాంటి లక్షణాలుంటే జబ్బు మైక్రోప్రాసెసర్ బోర్డుది. ఆ చిప్‌లో కంపెనీ వాళ్ళ ప్రోగ్రాం ఉంటుంది, బజారులో అదే నంబరు చిప్ దొరికినా అందులో ఆ ప్రోగ్రాం ఉండదు. వాల్యూమ్‌ని ఐసీతో నడిపే మోడళ్ళలో ఆ ఐసీ తయారీ ఆగిపోతే కూడా ఇంతే. అదే మోడల్ పాడైన పెట్టె ఇంకొకటి దొరికితే తప్ప దారి లేదు. నీళ్ళు పడ్డవి, బల్లి దూరి బోర్డు మాడిపోయినవి కూడా చాలావరకు ఈ కోవలోకే వస్తాయి.

రిపేర్ ఖర్చు, అవే పనులు చేసే కొత్తదాని ధరలో సగం దాటితే నేనైతే కొత్తదాని వైపే మొగ్గుతాను. "అవే పనులు చేసే" అన్నది ఇక్కడ ముఖ్యం, అదేమిటో కింద చూడండి. సర్వీస్ మాన్యువల్ దొరుకుతుందేమో ముందే వెతకండి. అది చేతిలో ఉంటే మెకానిక్ పని సగం తగ్గుతుంది, మీకు చెప్పే ఖర్చు కూడా తగ్గాలి.

ఇంత సందేహమే అక్కర్లేని పెట్టెలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1967లో వచ్చిన క్వాడ్ 33 ప్రీయాంప్‌లో సర్క్యూట్లు చిన్న కార్డుల మీద ఉంటాయి, లాగితే బయటికి వస్తాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే బాగు చేయించుకోండి. ఒక్కటే గుర్తుంచుకోండి, దాని అవుట్‌పుట్ అర వోల్టు చుట్టూనే. దాని జత పవర్ ఆంప్ 303కి అది సరిపోతుంది, ఇప్పటి పవర్ ఆంప్‌లకి తక్కువ పడుతుంది.

కొత్తది అంటే ఏ రకం?

ముందు పాతది మీకు ఏమేం చేసి పెడుతోందో చూడండి. రికార్డులు వినే ఇంట్లో ఫోనో భాగమే, అంటే టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని అందుకునే భాగమే ప్రాణం. టర్న్‌టేబుల్ ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ మామూలుగా మూవింగ్ మాగ్నెట్ రకం, అది ఇచ్చేది 5 మిల్లీవోల్టుల చుట్టూనే. దాన్ని దాదాపు వంద రెట్లు పెంచాలి. అంతేకాదు, రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, సన్నటి స్వరాలు పెంచి కోస్తారు. 1954 నుంచి స్థిరపడిన ఆర్ఐఏఏ పద్ధతి అది. ఫోనో భాగం దాన్ని తిరగదిప్పాలి: 20 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్‌కి దగ్గరగా పెంచాలి, 20,000 దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. ఇప్పటి చాలా ప్రీయాంప్‌లలో ఈ భాగం అసలు ఉండదు.

మోనో స్విచ్ సంగతి ఎవరూ పట్టించుకోరు గాని, తెలుగు రికార్డులు వినేవాళ్ళకి అది బంగారం. ఘంటసాల పాటల పాత రికార్డులు చాలావరకు మోనోవే. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో వాటిని వింటే ముల్లు పైకీ కిందకీ ఊగడం వల్ల పుట్టే చప్పుడు కూడా స్పీకర్లలోకి వస్తుంది. మోనో నొక్కగానే రెండు చానెళ్ళూ కలిసి ఆ చప్పుడు చాలావరకు రద్దవుతుంది, గొంతు మధ్యలో నిలబడుతుంది. పాత ప్రీయాంప్‌లలో ఈ స్విచ్ మామూలు విషయం. కొత్తవాటిలో వెతుక్కోవాలి. బాలెన్స్, బేస్, ట్రెబుల్ నాబ్‌లదీ ఇదే కథ.

రికార్డులు లేవు, సీడీ, ఫోన్, టీవీ మాత్రమే అంటే లెక్క మారిపోతుంది. సీడీ ప్లేయర్లు, చాలా డాక్‌లు గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తాయి. ఎక్కువ పవర్ ఆంప్‌లకి ఒకటి, ఒకటిన్నర వోల్టు ఇస్తే పూర్తి శక్తి వస్తుంది. అంటే సిగ్నల్‌ని పెంచే అవసరమే లేదు, తగ్గిస్తే చాలు. వాల్యూమ్ సర్దగలిగే డాక్ లేదా స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచి పాటలు వినిపించే పెట్టె) ఒక్కటే ఉంటే నేరుగా పవర్ ఆంప్‌కి కలిపేయొచ్చు. ప్రీయాంప్ కొనకుండానే పని అయిపోతుంది. డబ్బు ఖర్చు కాని ఈ దారిని ముందు ఆలోచించాలి.

రెండు మూడు సోర్సులు ఉంటే పాసివ్ ప్రీయాంప్ చాలు. అది కరెంటు అక్కర్లేని పెట్టె, అందులో సెలెక్టర్, వాల్యూమ్ కంట్రోల్ మాత్రమే ఉంటాయి. చెడిపోవడానికి ఏమీ లేదు, హమ్ పుట్టదు. అయితే 10కె కంట్రోల్ ఉన్నది తీసుకోండి, వైర్లు పొట్టిగా ఉంచండి. 50కె కంట్రోల్‌తో, పొడుగాటి వైర్లతో సన్నటి స్వరాలు మొద్దుబారే ప్రమాదం ఉంది. పవర్ ఆంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే నిరోధం, ఓమ్‌లలో) తక్కువైనా, వైర్లు గది దాటి వెళ్ళాల్సి వచ్చినా కరెంటుతో నడిచే యాక్టివ్ ప్రీయాంపే సరైనది.

వాల్వ్ (గాజు గొట్టాల) ప్రీయాంప్ మీద మోజు ఉన్నవాళ్ళు కొనే ముందు ఒకటి చూసుకోవాలి. దాని అవుట్‌పుట్ కండెన్సర్ 0.47 మైక్రోఫారడ్ అయి, మీ పవర్ ఆంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు అయితే 34 హెర్ట్జ్ దగ్గరే బేస్ పడిపోవడం మొదలవుతుంది. మృదంగం తొప్పి వైపు బరువు తగ్గినట్టు అనిపిస్తుంది. 47 కిలో ఓమ్‌ల పవర్ ఆంప్‌తో ఆ ఇబ్బంది లేదు. లోపల 200, 300 వోల్టులు ఉంటాయి కాబట్టి మూత తియ్యడం తెలిసినవాళ్ళకే వదలాలి.

అన్నీ ఒకే పెట్టెలో కావాలంటే విమ్ అల్ట్రా లాంటి స్ట్రీమర్ ప్రీయాంప్‌లు వస్తున్నాయి. అందులో ఫోనో ఇన్‌పుట్, టీవీకి హెచ్‌డీఎమ్ఐ కూడా ఉన్నాయి. రికార్డు సిగ్నల్‌ని కూడా అది డిజిటల్‌లోకి మార్చే వినిపిస్తుంది, అది ఇష్టం లేనివాళ్ళు ముందే తెలుసుకోవాలి. సౌకర్యం విషయంలో వీటికి పోటీ లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత బాగు చేయించుకునే వస్తువు మాత్రం కాదు, పదేళ్ళ వస్తువు అనుకుని కొనండి.

పాతదీ కొత్తదీ కలిపి వాడే దారి

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, దుకాణాల్లో ఎవరూ చెప్పరు. పాత ప్రీయాంప్‌లో ఫోనో భాగం మాత్రమే చెడితే దాన్ని వదిలెయ్యండి. ప్రో-జెక్ట్, రేగా లాంటి కంపెనీల చిన్న ఫోనో పెట్టె కొని ఆక్స్ ఇన్‌పుట్‌కి కలిపితే సరి. మిగతా నాబ్‌లన్నీ మీకు మిగులుతాయి. తిరగేసి చూస్తే, ఫోనో బాగుండి వాల్యూమ్, టోన్ భాగాలు పాడైతే వెనకనున్న రికార్డ్ అవుట్ సాకెట్లు ఆదుకుంటాయి. టేప్ డెక్ కోసం పెట్టిన ఆ సాకెట్లకి సిగ్నల్ వాల్యూమ్ కంట్రోల్‌కి ముందే వెళ్ళిపోతుంది. వాటి నుంచి కొత్త ప్రీయాంప్ లైన్ ఇన్‌కి వైరు కలపండి, పాతది మంచి ఫోనో స్టేజ్‌గా ఇంకో ఇరవై ఏళ్ళు పని చేస్తుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చినవి, సెకండ్ హ్యాండ్‌లో జపాన్‌వి కొనేవాళ్ళు వెనక ప్లేటు చదవాలి. అమెరికావి 120 వోల్టులు, జపాన్‌వి 100 వోల్టులు. 230లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. కొన్నిటిలో వోల్టేజ్ మార్చే స్విచ్ ఉంటుంది, కొన్నిటిలో లోపలి వైరింగ్ మార్చి 240కి తేవచ్చు. ఏదీ లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. ప్రీయాంప్ లాగే కరెంటు తక్కువ కాబట్టి 100 వీఏది సాధారణంగా చాలు. ప్రయాణాల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు.

రిపేర్ నుంచి వచ్చాక

మెకానిక్ మొదట సిరీస్ బోర్డు (కరెంటు దారిలో బల్బు పెట్టిన బోర్డు) మీద ఆన్ చేశాడో లేదో అడగండి. బల్బు వెలుగుతూనే ఉండిపోతే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఇంటికి తెచ్చాక నేరుగా పవర్ ఆంప్‌కి కలపకండి. ఏ సోర్సూ కలపకుండా ప్రీయాంప్ ఒక్కటే ఆన్ చేసి, కొన్ని నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి రెండు అవుట్‌పుట్ సాకెట్లలోనూ కొలవండి. 10 లోపు ఉంటే నిశ్చింత. 50 దాటితే మళ్ళీ మెకానిక్ దగ్గరికే పంపండి, ఎందుకంటే కొన్ని పవర్ ఆంప్‌లు ఆ డీసీని పెంచి స్పీకర్ల దాకా పంపేస్తాయి. అంతా సరిగ్గా ఉంటే కలిపి వినండి. ఆన్ చేసేటప్పుడు ప్రీయాంప్ ముందు, పవర్ ఆంప్ చివర. ఆపేటప్పుడు పవర్ ఆంప్ ముందు.